ఎవరి ఎడమ?

"లీగ్ మొత్తంలో అందరికంటే గొప్ప షార్ట్‌స్టాప్ మన వెండెల్ ఓక్సా?"

మోర్ట్ డ్రెస్లర్ ఆ కాగితాన్ని దొంగనోటు చూసినట్టు కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. కెటిల్‌ఫోర్డ్ హెరన్స్ బేస్‌బాల్ జట్టుకి ఆయన జనరల్ మేనేజరు. ఎవరు ఆడాలో, ఎవరు ఇంటికెళ్లాలో ఆయనే చెప్పాలి.

"అమ్మాయ్, వాడు మొదటి బేసుకి పరిగెత్తడం మొదలుపెడితే నేను వెళ్లి కాఫీ తాగి రావచ్చు. తాగి వచ్చాక కూడా వాడు దారిలోనే ఉంటాడు."

"నేను అనడం లేదు బాస్. అంకె అంటోంది," అంది నడీన్ ప్రూయిట్.

"అంకెకి కళ్లున్నాయా?"

ఆ ప్రశ్న నడీన్‌కి కొత్త కాదు. జట్టులో ఎవరు ఎన్ని పరుగులు తెచ్చారో, ఎన్ని పరుగులు ఆపారో లెక్క తేల్చడం ఆమె ఉద్యోగం. రెండేళ్ల నుంచి ఆ ఊళ్లో అందరూ ఆమెను అదే అడుగుతున్నారు, బీరు పోసేవాడితో సహా. కానీ ఈసారి ఆమెకూ లోపల గుబులుగానే ఉంది. వెండెల్ అసలు షార్ట్‌స్టాపే కాదు. ముప్ఫై నాలుగేళ్ల రెండో క్యాచరు. పిచ్చరు విసిరిన బంతిని బ్యాటరు వెనక కూర్చుని పట్టుకోవడం తప్ప వేరే పని చేసి పదిహేనేళ్లయింది. మే నెలలో అసలు షార్ట్‌స్టాప్‌కి తొడ కండరం పట్టేసినప్పుడు, "హైస్కూల్లో ఆ చోట ఆడాను" అని చెయ్యెత్తిన పాపానికి, రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య కాపలా అతని నెత్తిన పడింది. వంగితే మోకాళ్లు మొక్కజొన్న పేలాల్లా పేలతాయి.

"పాతకాలంలో ఎన్ని బంతులు జారవిడిచాడో లెక్కపెట్టేవాళ్లు," అంది నడీన్. "బంతి దాకా చేరలేనివాడు ఇంక జారవిడిచేదేముంది? అందుకే నా లెక్క వేరు. బంతి ఎటు వెళ్లింది, ఎంత జోరుగా వెళ్లింది, అలాంటివి మామూలు షార్ట్‌స్టాప్ పదింటికి ఎన్ని ఆపుతాడు, అది చూస్తాను. వాడు ఆపలేనిది మనవాడు ఆపితే జమ. వాడు ఆపేది మనవాడు వదిలితే కోత. అన్నీ కూడితే వెండెల్ ఇప్పటికి తొమ్మిది పరుగులు మిగిల్చాడు. లీగ్‌లో ఇంకెవరికీ అంత లేదు."

"తొమ్మిది!" డ్రెస్లర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సోమవారం టల్సా నుంచి ఒక కుర్రాడు దిగుతున్నాడు. జింకపిల్ల. వాణ్ని పక్కన కూర్చోబెట్టి ఈ ఎద్దుని ఆడించమంటావ్. సరే, ఆదివారం ఆట అయ్యేలోగా ఈ తొమ్మిది ఎక్కణ్నుంచి ఊడిపడిందో నా బుర్రకి ఎక్కేలా చెప్పు. చెప్పలేకపోయావా, సోమవారం కుర్రాడు గ్రౌండ్ లోపలికి, నువ్వు గేటు బయటికి."

"చెబితే?"

"చెబితే, ఆ తొమ్మిది నిజమని తేలితే, నేను కొంగ వేషం కట్టుకుని ఒక ఆటంతా గూట్లో నిలబడతాను. నిలబడకపోతే నా పేరు మోర్ట్ కాదు."

"అది నా తల బాస్. ఎవడికీ ఇచ్చేది లేదు," అంది గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు.

టోబిన్ స్క్రగ్స్, మూరెడు ముక్కున్న కొంగ తల చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. హెరన్స్ అంటేనే కొంగలు. ఆటలప్పుడు టోబిన్ బూడిదరంగు ఈకల వేషంలో, బ్యాటరుకి ఎదురుగా మైదానం ఆ చివర, సెంటర్ ఫీల్డ్ వెనక స్కోర్‌బోర్డు పక్కన కట్టిన గూట్లో ఒంటికాలి మీద నిలబడితే పిల్లలు కేరింతలు కొడతారు. చిన్న జట్టు కాబట్టి అందరికీ రెండేసి పనులు. కొంగకి రెండో పని కార్డులకి ప్లాస్టిక్ తొడగడం.

"ఇవాళ్టివి ఇచ్చేస్తావా, లెక్కల రాణీ? వేషంలోకి దూరాక నా చేతులు పనిచెయ్యవు. దాన్లో ఎంత ఉక్కో తెలుసా? ఒక చిన్న ఫ్యాను పెట్టించండర్రా అంటే మూడేళ్ల నుంచి ఒక్కడూ వినడు."

"కొంగలకి ఫ్యానులుండవు," అన్నాడు డ్రెస్లర్.

నడీన్ కార్డుల కట్ట ఇచ్చింది. ఎదుటి జట్టులో ఏ బ్యాటరు వచ్చినప్పుడు ఫీల్డర్లు ఎటు జరగాలో వాటిలో ఉంటుంది. 'ఎడమ మూడు' అంటే ఎడమకి మూడు అడుగులు. ఆటగాళ్లు వాటిని టోపీలో దాచుకుని తొంగి చూసుకుంటారు. అయితే ముందే జరగరు. అందరూ మామూలు చోటే నిలబడి, పిచ్చరు కాలెత్తిన క్షణంలో చటుక్కున జరుగుతారు. అప్పటికి బ్యాటరు చూపు బంతి మీదే ఉంటుంది కాబట్టి ఎక్కడ ఖాళీ పడిందో వాడికి తెలియదు. ఆ కిటుకు కోచ్ పైక్‌ది. దాన్ని తలుచుకుని ఆయన రోజుకోసారైనా మీసం దువ్వుకుంటాడు.

డ్రెస్లర్ వెళ్లిపోగానే నడీన్ తొమ్మిదిని రెండు ముక్కలు చేసింది. సొంత గ్రౌండులో ఆడినవి ఒకపక్క, బయట ఊళ్లలో ఆడినవి ఒకపక్క.

బయట మైనస్ ఆరు. ఇంట్లో ప్లస్ పదిహేను.

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. కెటిల్‌ఫోర్డ్ పొలిమేర దాటితే లీగ్‌లోకెల్లా చచ్చు షార్ట్‌స్టాప్. ఇంటికి రాగానే మాంత్రికుడు. బేసుల దగ్గర కాపలా కాసే మిగతా ముగ్గురు ఇన్‌ఫీల్డర్ల అంకెలు తీసింది. వాళ్లది సరిగ్గా తిరగబడి ఉంది. బయట బంగారం, ఇంట్లో తగరం.

ఒకే మట్టి, ఒకే గడ్డి. ఒక్కడికి వరం, ముగ్గురికి శాపం.

ఆమె లెక్కలో ఒక లోటు ఉంది, అది ఆమెకీ తెలుసు. జట్టుకున్న ఒక్క కెమెరా బంతి వెంట పరుగెడుతుంది. బంతి ఎటు వెళ్లిందో చెబుతుంది గానీ, దాన్ని పట్టినవాడు అంతకుముందు ఎక్కడ నిలబడ్డాడో చెప్పదు. అది తెలియాలంటే కళ్లతో చూడాల్సిందే.

ఆ సాయంత్రం ఆట మొదలవగానే నడీన్ రేడియో వాళ్ల గది కప్పు మీదికి ఎక్కి కూర్చుంది, ఒళ్లో ఆ రోజు కార్డు పెట్టుకుని. ప్రత్యర్థి డన్‌మోర్. ఆదివారం దాకా వాళ్లతోనే ఆటలు. మొదటి బ్యాటరుకి కార్డులో 'ఎడమ మూడు' అని ఉంది. పిచ్చరు కాలెత్తాడు. మిగతా ఇన్‌ఫీల్డర్లంతా తమ ఎడమకి జరిగారు. వెండెల్ ఓక్స్ మాత్రం గోదాలోకి దిగుతున్న పహిల్వానులా నింపాదిగా కుడికి మూడు అడుగులు వేశాడు.

బంతి తిన్నగా వచ్చి అతని గ్లవ్‌లో పడింది.

రెండో బ్యాటరుకి 'కుడి రెండు'. వెండెల్ ఎడమకి నడిచాడు. బంతి కూడా అటే వచ్చింది, పిలిచినట్టు.

నడీన్‌కి నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఆమె గీసిన కార్డుకి పూర్తిగా ఎదురు తిరిగినవాడే ఆమె లెక్కలో మొనగాడు. ఈ సంగతి డ్రెస్లర్‌కి చెబితే సోమవారం దాకా కూడా ఆగడు.

శనివారం పొద్దున్నే ఆమె వెండెల్‌ని, ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లో పట్టుకుంది. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, మోకాలికి ఐసు కట్టుకుని ఉన్నాడు.

"వెండెల్, 'ఎడమ మూడు' అని ఉంటే ఎటు వెళ్తావ్?"

"ఎడమకే." గింజల పొట్టు ఉమ్మి, ఎడమ చెయ్యి చాపాడు. "మూడో బేసు వైపు."

"లేచి నిలబడు. షార్ట్‌స్టాప్‌లా బ్యాటరు వైపు తిరుగు. మూడో బేసు నీకు ఏ పక్కనుంది?"

వెండెల్ లేచాడు, తిరిగాడు. కుడిచేతిని చూసుకున్నాడు, ఎడమచేతిని చూసుకున్నాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు మెల్లగా చెవుల దాకా పాకింది.

"అయ్యబాబోయ్!"

"నువ్వింకా క్యాచరు కళ్లతోనే చదువుతున్నావ్."

"మరి పదిహేనేళ్లు బ్యాటరు వెనక కూర్చున్నాను తల్లీ! అక్కణ్నుంచి ఎడమ అంటే మూడో బేసే. 'ఎడమకి జరగండ్రా' అని ఈ చేత్తో ఎంతమందిని తోలానో! ఆ చోటు ఇచ్చారు గానీ, ఎడమ మార్చుకోమని ఎవడూ చెప్పలేదే!" గొంతు తగ్గించాడు. "పైక్‌కి తెలుసా?"

తెలుసని తేలింది. కోచ్ పైక్ మీసం దువ్వుకుంటూ ఒప్పుకున్నాడు. "మొదటి వారం అరిచాను. అరిచినప్పుడల్లా బంతి వెళ్లి వాడి చేతిలోనే పడేది. పట్టేవాణ్ని పట్టుకుని ఏమని తిడతాను? ఏదో పెద్ద అనుభవం అనుకున్నా."

"బయట ఊళ్లలో?"

"అక్కడ వాణ్ని చూడలేక కళ్లు మూసుకునేవాణ్ని."

కాబట్టి సగం ముడి వీడింది. తప్పు చోట నిలబడితే బయట మైనస్ రావడం న్యాయం. కానీ ఇంట్లో ఆ తప్పు చోటికే బంతులు ఎందుకొస్తున్నాయి? నడీన్ డగౌట్ మెట్ల మీదే కూర్చుని ఆలోచించింది. కార్డు ఎడమ అంటే కుడిపక్క ఖాళీ. బంతులు సరిగ్గా ఆ ఖాళీకే వస్తున్నాయంటే, కార్డులో ఏముందో బ్యాటరుకి తెలుసన్నమాట.

ఎవడో అమ్ముడుపోయాడు. అదీ ఇంట్లోనే.

ఆ మధ్యాహ్నం ఆమె ఫీల్డర్లని చూడలేదు. బైనాక్యులర్స్‌తో బ్యాటర్ల కళ్లని చూసింది. డన్‌మోర్ బ్యాటర్లు ఒక్కొక్కడూ బ్యాటు ఎత్తే ముందు పిచ్చరుని చూడటంలేదు. పిచ్చరు తలమీదుగా, దూరంగా, పైకి చూస్తున్నారు. గుళ్లో దేవుణ్ని చూసుకుని పనిలోకి దిగేవాళ్లలా ఒక్క క్షణం చూసి, తృప్తిగా తల దించుకుంటున్నారు.

నడీన్ బైనాక్యులర్స్ అటు తిప్పింది.

గూట్లో కొంగ ఎడమకాలు ఎత్తి జపం చేస్తోంది. కార్డులో ఉన్నది 'ఎడమ మూడు'.

తరవాతి బ్యాటరు వచ్చాడు. కార్డులో 'కుడి రెండు'. కొంగ ఎడమకాలు దించి, రెక్కలు విదిలించి, కుడికాలు ఎత్తింది. బ్లీచర్స్ బల్లల మీద పిల్లలు చప్పట్లు కొట్టారు.

"దొంగ కొంగా," అంది నడీన్ మెల్లగా.

ఆట అయ్యాక వెండెల్‌కి చెబితే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు, మోకాలు పేలిందాకా. తరవాత అతనే అన్నాడు, "మరి దీన్ని పట్టేసుకుంటే నా అంకె ఏమవుతుంది?"

నడీన్ నేల చూపులు చూసింది. "కొంగ లేకపోతే నువ్వు బయట ఊళ్లో వెండెల్‌వే. ఎడమ సరిగ్గా చదువుకున్నా, ఆ మోకాళ్లతో మైనస్సే. టల్సా కుర్రాణ్ని నీ చోట నిలబెట్టక తప్పదు."

"నువ్వు నోరు మూసుకుంటే?"

"నోరు మూసుకుంటే సోమవారం నేను గేటు బయటే."

వెండెల్ గింజల పొట్టు ఉమ్మాడు. "నిజం చెప్పనా? ఆ కుర్రాడు ఎప్పుడొస్తాడా అని నా మోకాళ్లు నెలరోజుల నుంచి ఎదురుచూస్తున్నాయి. నా పాత చోటు నాకు ఇప్పిస్తే చాలు. అక్కడైతే ఎడమ ఎడమే. పద, ఆ కొంగ ఈకలు పీకుదాం."

ఆదివారం మధ్యాహ్నం నడీన్ ఎప్పట్లానే కార్డుల కట్ట టోబిన్‌కి ఇచ్చింది. ఎప్పట్లానే అతను ఉక్క గురించి గొణిగి, ప్లాస్టిక్ తొడిగి తెచ్చి ఇచ్చాడు. అతను వేషంలోకి దూరాక, కోచ్ పైక్ ఇన్‌ఫీల్డర్లని డగౌట్ మూలకి పిలిచాడు.

"ఒరే, ఇవాళ అందరూ వెండెల్‌లా తప్పు చెయ్యండి. ఎడమ అని ఉంటే కుడికి. కుడి అని ఉంటే ఎడమకి."

"వెండెల్ ఏం చెయ్యాలి?" అన్నాడు రెండో బేసువాడు.

"వాడు మామూలుగానే. వాడికి కొత్త తప్పులు నేర్పే టైము లేదు."

నడీన్ వెళ్లి డ్రెస్లర్ పక్క సీట్లో కూర్చుంది. ఆయన చేతిలో ఆవాల ముద్ద కారుతున్న బ్రాట్‌వర్స్ట్ సాసేజి.

"గడువు ఇవాళే," అన్నాడు, నములుతూ.

"చూస్తూ ఉండండి బాస్."

డన్‌మోర్ మొదటి బ్యాటరు స్కోర్‌బోర్డు వైపు చూశాడు, తల దించాడు, బంతిని ఖాళీలోకి కొట్టాడు. ఖాళీలో వెండెల్ ఉన్నాడు. రెండోవాడు అవతలి పక్కకి కొట్టాడు, అక్కడ రెండో బేసువాడు. మూడోవాడి బంతి మూడో బేసువాడి పొట్టలో పడింది, అతను కదలనే అక్కర్లేదు. రెండో ఇన్నింగ్సూ అంతే. మూడోదీ అంతే. డన్‌మోర్ డగౌట్‌లో గుసగుసలు మొదలయ్యాయి. బ్యాటర్లు గూటివైపు ఇప్పుడు భక్తితో కాదు, కరెంటు బిల్లు చూసినట్టు చూస్తున్నారు.

గూట్లో కొంగకి చెమటలు పట్టాయో లేదో తెలియదు గానీ, జపం చెదిరింది. ఎడమకాలెత్తి, దించి, కుడికాలెత్తి, రెక్కలో దాచుకున్న కార్డు చూసుకుని మళ్లీ ఎడమకాలెత్తింది. ఒకసారి రెండు కాళ్లూ ఎత్తబోయి గూటి రెయిలింగ్ పట్టుకుంది.

"ఈ టోబిన్‌గాడికి ఏమైంది ఇవాళ?" అన్నాడు డ్రెస్లర్. "నెప్పులా?"

నాలుగో ఇన్నింగ్స్‌లో డన్‌మోర్ కెప్టెన్ గారిసన్ టీల్ వచ్చాడు. గేదెంత మనిషి. స్కోర్‌బోర్డు వైపు చూసి కొట్టాడు, వెండెల్ కదలకుండానే పట్టాడు. టీల్ బ్యాటు నేలకేసి కొట్టి, తను ఎక్కడున్నాడో మర్చిపోయి, గూటి వైపు వేలెత్తి గావుకేక పెట్టాడు.

"ఏ కాలురా అదీ? సరైన కాలు ఎత్తి చావవేంరా, దరిద్రపు కొంగా!"

జనమంతా గూటివైపు తిరిగారు. అంపైరు మెల్లగా ముఖానికున్న మాస్కు తీశాడు. బ్లీచర్స్‌లో ఒక పాప, "వాళ్లు మన కొంగతో ఎందుకు మాట్లాడుతున్నారమ్మా?" అని అడిగింది. ఆ మాట అందరికీ వినపడింది. గూట్లో కొంగ, ఏ కాలూ తనది కాదన్నట్టు, రెండూ దించేసి రెక్కలతో ముఖం కప్పుకుంది.

డ్రెస్లర్ చేతిలోంచి బ్రాట్‌వర్స్ట్ జారి ఒళ్లో పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

"మొదటినుంచి చెప్పు," అన్నాడు నడీన్‌తో.

ఆమె చెప్పింది. ఎడమ సంగతి, ఇల్లూ బయటా, కొంగ కాళ్లూ. ఏడో ఇన్నింగ్స్‌లో జనం లేచి ఒళ్లు విరుచుకునే వేళకి టోబిన్ ఆఫీసు గదిలో, కొంగ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దగా బుకాయించలేదు కూడా.

"డన్‌మోర్ వాళ్లు అడిగారు బాస్. వచ్చే ఏడు వాళ్ల దగ్గర, మనకి కొంగలా వాళ్లకున్న బీవర్ జంతువు వేషం ఇస్తామన్నారు. తలలో ఫ్యానుంది దానికి. రెండు స్పీడులు."

"వాళ్లకి చెప్పావు సరే. మిగతా జట్లకి?"

"నేను చెప్పలేదు. వాళ్లే ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. జూన్‌కల్లా లీగ్ అంతా నా కాళ్లే చూడ్డం మొదలుపెట్టింది." అతని గొంతులో పశ్చాత్తాపం కంటే గర్వమే కొంచెం ఎక్కువ వినపడింది. "మూడేళ్లలో నన్ను ఎవరైనా అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు."

అతన్ని ఆ సాయంత్రమే గేటు బయటికి పంపారు, తల లేకుండా.

డ్రెస్లర్ నడీన్ వైపు తిరిగాడు. "పందెం చెల్లదు. వెండెల్ గొప్పవాడు కాదని నువ్వే అంటున్నావ్."

"గొప్పవాడని నేనెప్పుడూ అనలేదు బాస్. తొమ్మిది పరుగులు మిగిల్చాడన్నాను. అవి నిజంగానే మిగిలాయి. ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయో చెప్పమన్నారు, చెప్పాను. సగం వెండెల్ పొరపాటు, సగం కొంగ కాలు. కొంగ పోయింది కాబట్టి రేపట్నుంచి అతనిది మైనస్. టల్సా కుర్రాణ్నే దించండి. వెండెల్‌కి మళ్లీ క్యాచరు చోటు ఇవ్వండి." ఒక్క క్షణం ఆగింది. "తప్పు నాదీ ఉంది. బంతి ఎటెళ్లిందో కొలిచాను, మనిషి ఎక్కడ నిలబడ్డాడో కొలవలేదు. దానికి ఇంకో కెమెరా కావాలి."

డ్రెస్లర్ ఆమెను చూశాడు. వాదించడానికి ఏమైనా దొరుకుతుందేమోనని పైకప్పుని కూడా చూశాడు. దొరకలేదు. కోచ్ పైక్ మీసం దువ్వుకుంటూ కొంగ తలని బల్ల మీద ఆయన ముందుకి నెట్టాడు.

తరవాతి సొంత ఆట మంగళవారం. ఎండ దంచేస్తోంది. గూట్లో కొత్త కొంగ రెండు కాళ్లూ నేలకి అతికించుకుని నిలబడింది. పిల్లలు ఎంత బతిమాలినా ఏ కాలూ ఎత్తలేదు. మొదటి ఇన్నింగ్స్ పూర్తవకముందే నడీన్ ఫోను మోగింది. ఈకల లోపల్నుంచి ఎవరో మూలుగుతున్న గొంతు.

"అమ్మాయ్... నీ కెమెరా సరేగానీ... ముందు దీన్లో ఒక ఫ్యాను పెట్టించు."

"కొంగలకి ఫ్యానులుండవు బాస్."

"రెండు స్పీడులది!"

ఆమె ఫోను పెట్టేసి మైదానం వైపు చూసింది. టల్సా కుర్రాడు నిజంగానే జింకపిల్ల, నిలబడ్డచోటే ఎగురుతున్నాడు. బ్యాటరు వెనక, సొంత చోటులో, వెండెల్ పేలే మోకాళ్ల మీద హాయిగా కూర్చుని, ఎడమ చెయ్యి చాపి కుర్రాడికి సైగ చేశాడు. ఎడమకి జరుగు.

కుర్రాడు తలూపాడు. పిచ్చరు కాలెత్తగానే మెరుపులా జరిగాడు, తన ఎడమకి.

వెండెల్ నెత్తి పట్టుకున్నాడు. పైక్ కళ్లు మూసుకున్నాడు. బంతి నేలమీద దొర్లుకుంటూ తిన్నగా ఆ కుర్రాడి గ్లవ్‌లోకే వెళ్లింది.

నడీన్ జమ వైపు అంకె వెయ్యబోయి ఆగింది. బైనాక్యులర్స్ తీసి, ఎందుకైనా మంచిదని, ముందు కొంగ కాళ్లు చూసుకుంది.